సముద్రానికి తూము

పుంగనూరు సంతలో ఎండుచేపల వాసనకు అందరూ ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం ఆగి పీల్చుకుంటాను. ఎనిమిదేళ్లప్పుడు మా నాయనతో ఒక రేవు ఊరికి పెళ్లికి పోతే మొదట తగిలింది ఆ వాసనే.

మా నాయన మా ఊరి చెరువుకు నీరుగంటి. తూము తెరిచేదీ మూసేదీ ఆయనే. నీళ్లు వృథాగా పోతే ఊరంతా ఆయన్నే తిట్టేది.

పొద్దున రేవు నిండా నీళ్లు, రంగురంగుల పడవలు. చూడ్డానికి రెండు కళ్లూ చాలలేదు. మధ్యాహ్నానికి నీళ్లు వెనక్కి పోయి పడవలు బురదలో ఒరిగిపోయాయి. ఈ ఊరి నీరుగంటికి ఈరోజు తిట్లే అని భయపడి, చేపలమ్మే ఆమె దగ్గరికి పరుగెత్తాను.

"అమ్మా, ఎవురో తూము ఎత్తేసినారు! నీళ్లన్నీ పోతాండాయి!"

"సముద్రానికి తూమేందే పిల్లా! పోటొస్తే నీళ్లు అవే వస్తాయిలే" అని ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది.

నా వెనకే వచ్చిన నాయన నవ్వలేదు. "అవే ఎట్లొస్తాయమ్మా? ఎవురో ఒగరు సూసుకోవాల గదా" అన్నాడు.

పెళ్లి భోజనానికి పిలిచినా కదల్లేదు. నీళ్లు తిరిగొచ్చి పడవలు లేచేదాకా గట్టు మీదే కూర్చున్నాడు.

ఆటుపోట్ల సంగతి నేను ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాక పుస్తకంలో చదివాను. అయినా ఆ రోజు మా నాయన చేసిందే సరి. నీళ్లు పోతుంటే చూసి అన్నానికి కూర్చునేవాడు నీరుగంటి కాడు.