వాన కోసం వేసిన జాబుల సినిమా

శనివారం పొద్దున ఆరున్నరకు అనంతపురంలో కదిరి బస్సు ఎక్కాం. మేం అంటే నేను, ప్రొజెక్టరు తిప్పే ఖాదరు, ఆ ప్రొజెక్టరు, తాళం వేసిన ఒక రేకుపెట్టె. పెట్టెలో బెంగుళూరు నుంచి తెచ్చిన విదేశీ డాక్యుమెంటరీ రీళ్ళున్నాయి. సోమవారం పది గంటలకు వాటిని తిరిగి అప్పజెప్పకపోతే మా ఫిల్మ్ క్లబ్బుకు ఈ జన్మలో ఇంకో సినిమా ఇచ్చేది లేదని అక్కడి గుమాస్తా నవ్వుతూనే చెప్పాడు. సంతకం నాది. కండక్టరు పెట్టెను టాపు మీద వేయమంటే వినక ఒళ్ళో పెట్టుకున్నాను. దానికీ టికెట్టు కొట్టి పగ తీర్చుకున్నాడు.

సినిమా సంగతి ముందే చెప్పేస్తాను. పెద్ద యుద్ధంలో ఒక ఖైదీల శిబిరం నడిపి, వేలమందిని చంపించిన ఆఫీసరు ఒకడు. వాడు ఆ రోజుల్లోనే పెళ్ళానికి రాసుకున్న జాబుల మీద తీసిన సినిమా ఇది. పిల్లకు దగ్గు తగ్గిందా, గులాబీలకు నీళ్ళు పోస్తున్నావా, నీ చేతి వంట మీదికి మనసు పోతోంది, ఇవే జాబులు. పగలంతా తాను ఏం చేశాడో ఒక్క ముక్క ఉండదు. యుద్ధం ఓడిపోయాక వాడు పేరు మార్చుకుని దాక్కున్నాడు, ముసలివాడై తన మంచం మీదే చచ్చాడు. ఆఖర్న ముసలి భార్య ఆ జాబులు చేతిలో పెట్టుకుని కూర్చునుంటుంది. అనంతపురంలో వేస్తే మా సభ్యుల్లో సగంమంది కళ్ళు తుడుచుకున్నారు. తక్కిన సగం గురక పెట్టారు.

దాన్ని తనకల్లు పక్క పల్లెలో వేయాలన్న బుద్ధి మాది కాదు, ఆ ఊరి పెద్ద సిద్దారెడ్డిది. అక్కడ రెండేళ్ళుగా వాన లేదు. వాన రాకుంటే మా సీమలో విరాటపర్వం చదివిస్తారు, తోలుబొమ్మలాట ఆడిస్తారు. బొమ్మలాట గోవిందుతో బేరం కుదరలేదట. ఏదో పనిమీద అనంతపురం వచ్చిన సిద్దారెడ్డి మా గోడపత్రిక చూసి, తెర కడతారా అని అడిగాడు. కడతామన్నాను. దీపం పెడతారా అన్నాడు. బల్బు పెడతామన్నాను. యుద్ధం కథేనా అన్నాడు. అవునన్నాను. అయితే రమ్మన్నాడు. సినిమాను పల్లెలకు తీసుకుపోవాలని మీటింగుల్లో గొంతు చించుకున్నది నేనే కాబట్టి, కాదనడానికి నోరు రాలేదు.

ముదిగుబ్బలో బస్సు ఆగితే ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ఆ దారిన పోయేవాళ్ళు బజ్జీ రెండో వాయి కోసం ఆగండి, మొదటి వాయి నిన్నటి నూనె. కదిరిలో బస్సు మారాం. నా పక్కన కూర్చున్న రైతు మేం ఎవరింటికి పోతున్నదీ విని గొంతు తగ్గించాడు. పొలం గట్టు తగాదాలో అన్నదమ్ములిద్దరు హతమైన కేసులో సిద్దారెడ్డి ఏడాదిపాటు జైల్లో ఉండి వచ్చాడట. కేసు కొట్టేశారట.

"సాక్షులు రాలేదప్పా. ఎట్లొస్తారు? అన్నం మాత్రం బాగా పెడతాడు, తినండి," అన్నాడు.

ఆ మాట నిజమే. మధ్యాహ్నం రెండు దాటాక చేరితే, సిద్దారెడ్డి భార్య నాగమ్మ వేడివేడి రాగిసంకటి, నాటుకోడి పులుసు పెట్టింది. ఖాదరు మూడోసారి ముద్ద అడిగాడు. ఆమె మాట్లాడే మనిషి కాదు. సిద్దారెడ్డి మాత్రం పెద్ద గొంతుతో నవ్వుతూ, నా విస్తట్లోకి తానే నెయ్యి వంచాడు. ఇంతమంచి మనిషి మీద బస్సులో ఎంత మాట విన్నానురా అని నాకు నేనే నొచ్చుకున్నాను. నెయ్యి తిన్న మనసు అలాంటిది.

పొద్దు గూకగానే రెండు పంచెలు కలిపి కుట్టి తెర కట్టాం. బొమ్మలాటకు కట్టినట్టే పైన వేపమండలు కట్టి, పసుపునీళ్ళు చల్లారు. ఊరు సగం తెరకు ముందు, సగం వెనక కూర్చుంది. ఆఫీసరు జాబు రాస్తుంటే, వీడు ఎడమచేతి వాటం అని వెనకవాళ్ళు, కాదు కుడే అని ముందువాళ్ళు వాదులాడుకున్నారు. నేను మైకు పట్టుకుని జాబులన్నీ తెలుగులో చదువుతూ పోయాను. పిల్ల దగ్గు జాబు దగ్గరికి వచ్చేసరికి నా గొంతులోకి ఎక్కడలేని ప్రేమా వచ్చేసింది. ముందు మంచం మీద కూర్చున్న సిద్దారెడ్డి తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఎంత మంచి నాయనప్పా," అన్నాడు, అందరికీ వినబడేట్టు.

ఆ తర్వాతి బొమ్మలో శిబిరం గోడ దగ్గర చిన్నపిల్లల చెప్పులు కుప్పగా పడున్నాయి. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు లేచింది. చూస్తే నాగమ్మ.

"పగలంతా ఏం చేస్తాండావని ఆయమ్మ ఎప్పుడన్నా అడిగిందా సారూ?"

ఆఫీసరు భార్య రాసిన జవాబులు దొరకలేదనీ, అడిగినట్టు సినిమాలో లేదనీ చెప్పాను.

సినిమా అయిపోయి ఖాదరు బల్బు ఆర్పాడు. ఒక్కరూ లేవలేదు. చంపినోడు చావకుండా, మంగళం పాడకుండా ఆట ఎట్లా ముగుస్తుందని ఊరి పెద్దలు నిలదీశారు. చెడ్డవాణ్ణి వధించకుండా తెర దించితే ఉన్న నాలుగు మేఘాలూ పారిపోతాయట. వాడు నిజంగానే మంచం మీద చచ్చాడని, అది చరిత్ర అని నేను చెప్పబోయాను. మీ చరిత్రకు వానతో పని లేదు, మాకుంది అన్నారు. వధ జరిగేదాకా రీళ్ళపెట్టె ఊరు దాటదనీ తేల్చేశారు.

గట్టెక్కించినవాడు బొమ్మలాట గోవిందే. బేరం కుదరకపోయినా ఆట ఎట్లుంటుందో చూద్దామని వచ్చి వెనక కూర్చున్నాడు. గొంతిచ్చినవాడిదే పాత్ర అనీ, కాబట్టి చావాల్సింది నేనే అనీ తీర్పు చెప్పాడు. ఖాదరు ఇంత సంతోషంగా బల్బు వెలిగించడం ఎప్పుడూ చూడలేదు. నేను వెలుతురుకు అడ్డంగా నిలబడ్డాను. నా నీడ తెర మీద పడింది. గోవిందు తన మూటలోంచి, ఆటలో జనాన్ని నవ్వించే బంగారక్క బొమ్మను తీసి, చేతిలో రోకలి పెట్టి, ఆ నీడ నెత్తిన ఒక్కటి వేయించాడు. పడ్డాను. సరిగా చావలేదని మళ్ళీ లేపి చంపించారు. రెండోసారి కాళ్ళు కూడా కొట్టుకున్నాను. ఊరంతా ఈలలు వేసింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు సిద్దారెడ్డి. మంగళం పాడి హారతి పడుతుంటే, కర్పూరం తెర పంచెకు అంటుకోకుండా ఖాదరు చెంబు నీళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. పెట్టెను సిద్దారెడ్డి ఇంట్లోనే ఒక గదిలో పెట్టి పడుకున్నాం.

ఆదివారం తెల్లవారి లేచి చూస్తే గదిలో పెట్టె లేదు. ఆరుంబావుకు కదిరి బస్సు. సిద్దారెడ్డి గోడ వైపు తిరిగి పడుకునున్నాడు, పిలిచినా పలకలేదు. వధ చాల్లేదని ఊరి పెద్దల్లో ఎవరో పెట్టె దాచేశారేమో అనుకుంటూ, ప్రొజెక్టరు మోసుకుని రోడ్డు మీదికి పరిగెత్తాం. బస్సు ఆగేచోట నాగమ్మ మా పెట్టె మీద కూర్చునుంది. పక్కన గుడ్డల మూట ఉంది.

"ఇది నా తాన ఉంటే మీరు నన్ను ఇడిసిపెట్టి పోరు కదా సారూ," అంది.

పట్నం సార్లతో పోతున్న మనిషిని దారిలో ఎవరూ ఆపరని ఆమె లెక్క. కదిరిలో ఆమె అన్న ఉన్నాడు, కొడుకు కూడా అక్కడే ఉండి చదువుకుంటున్నాడు. బస్సెక్కాక కూడా పెట్టె తన ఒళ్ళోంచి దించలేదు. జైలు నుంచి సిద్దారెడ్డి తనకు వారం వారం జాబు రాసేవాడని చెప్పింది. ఎనుముకు గడ్డి వేసినావా, పిల్లోని జ్వరం తగ్గిందా, నీ చేతి సంకటి తినక ఎన్నాళ్ళయ్యిందో. అన్నీ దాచుకుందట. అందరూ చదివించుకుని ఏడ్చేవాళ్ళట. చనిపోయిన అన్నదమ్ముల ఇల్లు ఆమె ఇంటికి ఎదురుగానే ఉంది. ఆ రోజు ఏం చేసినావని రాత్రి మొదటిసారి అడిగితే, ఆయన గోడ తట్టు తిరిగి పండుకున్నాడట.

నాకు అప్పటిదాకా ఉన్న అల్లరి అంతా దిగిపోయింది. సిగ్గుగా కూడా అనిపించింది.

మలుపు దగ్గర సిద్దారెడ్డి మోటారుసైకిలు వచ్చి బస్సుకు అడ్డం నిలబడింది. డ్రైవరు ఇంజను కట్టేశాడు. ఆ దారిలో సిద్దారెడ్డి చెయ్యి ఎత్తితే బస్సులు కదలవు. ఆయన కిటికీ దగ్గరికి వచ్చి, దిగు అన్నాడు. మెల్లగానే అన్నాడు.

"అడిగినదానికి చెప్పు. దిగుతా," అంది నాగమ్మ.

నవ్వుదామని చూశాడు, కుదరలేదు. ఊరివాళ్ళు తిట్టుకుంటారన్నాడు, పిల్లోడు అడుగుతాడన్నాడు. ఆమె కదల్లేదు. తర్వాత వంగి ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. బస్సులో ఒక్కరు కూడా ఆలస్యమవుతోందని అనలేదు. కోళ్ళబుట్ట పట్టుకున్న ముసలమ్మ కూడా సిద్దారెడ్డి ముఖంలోకే చూస్తోంది. ఆయన అందరినీ ఒకసారి చూశాడు. బండి పక్కకు తీసి, డ్రైవరుతో "పోనీప్పా" అన్నాడు.

రీళ్ళను సోమవారం పదికి ముందే అప్పజెప్పాం. బెంగుళూరులో వాన దంచికొడుతోంది. మేం చచ్చి సంపాదించిన పుణ్యం పొలిమేర తప్పి అక్కడ కురిసిందని ఖాదరు ఇప్పటికీ అంటాడు. నాలుగుసార్లు చూసి చర్చ పెట్టిన మా క్లబ్బులో ఆ సినిమా ఎవర్నీ కుర్చీలోంచి కూడా లేపలేదు.

అంతకుముందు, ఆ ఆదివారం కదిరి బస్టాండులో నాగమ్మ దిగి పెట్టె నా చేతికిచ్చింది. మలుపు దగ్గర ఆయన చెవిలో ఏం చెప్పాడని ఉండబట్టలేక అడిగాను.

"అంతా జాబులో రాసి పంపిస్తానన్నాడు సారూ. జాబులొద్దన్నా. వచ్చి నా కండ్లల్లో చూస్తా చెప్పమన్నా."

మూట చంకన పెట్టుకుని అన్న ఇంటి వైపు నడిచింది.