‘దూరమా?’ అని మాత్రమే అడిగే ఇల్లు

నా చిన్నప్పుడు మా గరాజ్‌లో కారుకు చోటుండేది కాదు. అక్కడ మా బాబాయి కయాక్, ఒక్కడే కూర్చుని తెడ్డేసుకునే సన్నటి పడవ, ఉండేది. ఆక్లాండ్ పక్కన ఆల్బనీలో, రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళనాటి మాట. బాబాయి అంటే మా నాన్న తమ్ముడు. చదువుకోవడానికి వచ్చి, ఉద్యోగం దొరికాక మా ఇంట్లోనే ఉండిపోయాడు. మా నాయనమ్మ కూడా అమలాపురం నుంచి వచ్చి మాతోనే ఉండేది. కొడుకులిద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారని ఆవిడకి ఎంత సంతోషమో, శనివారం వస్తే చాలు చిన్నకొడుకు సముద్రం మీదికి పోతాడని అంత దిగులు. తెలుగు చదవడం, రాయడం నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. దిగులు పడడం కూడా.

బాబాయి తిరిగేదంతా ఒక్క చేప కోసం. పసుపుపచ్చ తోక ఉండే కింగ్‌ఫిష్. గాలానికి పడితే మనిషిని పడవతో సహా ఈడ్చుకుపోతుంది. ఎండాకాలంలో అది ఒడ్డుకు దగ్గరగా, నీళ్ళ పైపైనే తిరుగుతుంది. అప్పుడు బాబాయి మాకు దగ్గరలో ఉన్న లాంగ్ బే బీచ్‌లో కయాక్ దించి, బతికున్న చిన్న చేపని ఎరగా గుచ్చి, దారం చుట్టి ఉండే రీలు కాస్త వదులుగా పెట్టుకుని కూర్చునేవాడు. లాగినంతసేపు లాగనిస్తే చేపే అలిసిపోతుందట. తెచ్చిన చేపని తిట్టుకుంటూనే నాయనమ్మ పులుసు పెట్టేది. పులుసు కుదిరితే ఆ వారానికి సముద్రం మీద కోపం తగ్గేది.

చలి మొదలయ్యాక చేప లోతుకు దిగిపోతుంది. దాంతో గరాజ్‌లో సామానంతా మారేది. నీటి మీద తేలే ఎరలు పెట్టెలోకి వెళ్ళేవి. చేప ఆకారంలో ఉండే బరువైన ఇనుప ఎరలు బయటికొచ్చేవి. దారం మందంగా ఉండాలి. రీలు బిగించాలి, లేకపోతే చేప అడుగున రాళ్ళ సందుల్లోకి దూరి దారం తెంపుకుంటుంది. నేను స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కటీ అందిస్తుంటే బాబాయి ఇవన్నీ ఓపిగ్గా చెప్పేవాడు. నాకు చేప మీద కంటే, పెద్దవాళ్ళు చేసే పనిలో నాకూ ఒక చెయ్యి ఉందన్న దాని మీదే ఎక్కువ ఇష్టం.

ఒక ఏడు జూన్‌లో, అక్కడ చలికాలం అప్పుడే, సామానుతో పాటు బాబాయి చోటు కూడా మార్చాడు. లాంగ్ బే దగ్గర నీళ్ళ లోతు చాలదు. ఉత్తరాన లీ అనే ఊరి వైపు ఒడ్డుకు దగ్గరలోనే మంచి లోతు ఉందని ఎవరో చెప్పారట. గంటకు పైగా ప్రయాణం. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

తెలియకపోవడానికి కారణం ఉంది. బయటికి వెళ్ళే మనిషిని మా ఇంట్లో ఎక్కడికని అడగరు. అడిగితే కీడు జరుగుతుందని నాయనమ్మ నమ్మకం. అంతగా తెలుసుకోవాలంటే ‘దూరమా?’ అనాలి. వీధి చివర డెయిరీకి పాల కోసం వెళ్తున్న నాన్నని కూడా ఆవిడ అలాగే అడిగేది. ఆ శనివారం పొద్దున్న కారు మీద కయాక్ కట్టి బాబాయి బయల్దేరుతుంటే నేను అలవాటు తప్పి ‘ఎక్కడి...’ అన్నానో లేదో, నాయనమ్మ చెయ్యి నా నోటి మీద పడింది. తర్వాత ఆవిడే అడిగింది.

“దూరమా నాన్నా?”

“దగ్గరేనమ్మా. పొద్దుగూకేలోపు వచ్చేస్తా.”

తల్లిని భయపెట్టడం ఇష్టంలేక అన్న మాట అది. అంతకుమించి అందులో ఏమీ లేదు.

మధ్యాహ్నానికి గాలి లేచింది. ఫోన్ కలవలేదు. నాన్న లాంగ్ బే వెళ్ళి చూస్తే పార్కింగ్‌లో బాబాయి కారే లేదు. ఆ మాట ఫోన్‌లో వినగానే అమ్మ పోలీసులకి ఫోన్ చేసింది. కారు అక్కడ ఉండి ఉంటే కనీసం ఏ నీళ్ళలో వెతకాలో తెలిసేది. కాసేపటికి ఇంటికొచ్చిన పోలీసావిడ నెమ్మదిగా ప్రశ్నలు అడిగింది. కయాక్ రంగు చెప్పగలిగాం, వేసుకున్న జాకెట్ రంగు చెప్పగలిగాం, ఎక్కడికి వెళ్ళాడో చెప్పలేకపోయాం. చివరికి ఆవిడ నాయనమ్మ వైపు తిరిగి, వెళ్ళేముందు ఏమైనా చెప్పాడా అని నన్ను అడగమంది. నేను తెలుగులో అడిగాను.

“దగ్గరే అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు,” అంది నాయనమ్మ. తర్వాత పోలీసావిడ ముఖంలోకి చూసి, తెలుగులోనే, “అడక్కూడదు కదమ్మా,” అంది.

మొదటి మాట ఇంగ్లీషులో చెప్పాను. రెండోది ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. నాయనమ్మ మాత్రం ఆవిడ ఏదో జవాబిస్తుందని ఎదురుచూస్తూ అలాగే నిలబడింది. నాకు ఆ క్షణంలో బాబాయి గురించి కంటే నాయనమ్మని చూసే ఎక్కువ భయమేసింది.

అక్కడ ఉండలేక పోలీసావిడని గరాజ్‌లోకి తీసుకెళ్ళాను. తేలే ఎరల పెట్టె ఇక్కడే ఉందని, ఇనుప ఎరలు లేవని చూపించి, అవి లోతు నీళ్ళ కోసమని చెప్పాను. ఆవిడ ఎవరికో ఫోన్ చేసి ఆ మాటే చెప్పింది. అవతల ఉన్నాయనకు చేపలు పట్టడం తెలిసినట్టుంది. అంత బరువు ఎరలైతే ఉత్తరం వైపు చూడమన్నాడు. లీ దగ్గర కారు దొరికింది. వెలుగు పోతున్న వేళ రెస్క్యూ బోటుకి బాబాయి కనిపించాడు. తలకిందులైన కయాక్‌ని పట్టుకుని నీళ్ళలో ఉన్నాడు. చేప అడుక్కి దూకిందట. రీలు బిగించి ఉంది కదా, దారం జారలేదు. ఆ లాగుడుకి పడవే పక్కకి ఒరిగిపోయింది. ఫోన్ మునిగింది, తెడ్డు కొట్టుకుపోయింది. చలికని తొడుక్కున్న మందపాటి రబ్బరు సూటే అంతసేపు ప్రాణం నిలిపింది.

ఆసుపత్రిలో నాయనమ్మ బాబాయి మంచం పక్కన చేరింది. చలికి మొద్దుబారిన ఆయన వేళ్ళని ఒక్కొక్కటీ తన అరచేతుల్లో పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. “గాలం మార్చాను, ఎర మార్చాను. చోటు మార్చానని మీకు చెప్పలేదు. తప్పు నాదేనమ్మా,” అన్నాడు బాబాయి. ఆవిడ రుద్దడం ఆపలేదు. ఇంటికొచ్చాక ‘దూరమా’ అని అడగడం కూడా మానేసింది. ఎవరు బయటికి వెళ్తున్నా లోపలి గదిలోకి వెళ్ళిపోయేది. ఆవిడని ఎవరూ ఒక్క మాట అనలేదు. నీ తప్పు లేదని కూడా ఎవరూ చెప్పలేదు. అది ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

ఎండలు వచ్చాయి. డిసెంబర్‌లో ఒక పొద్దున్న బాబాయి మళ్ళీ కయాక్ కారు మీదికెక్కించాడు. వద్దనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఇంజను స్టార్ట్ అయ్యాక నాయనమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా బయటికొచ్చి కారు అద్దం మీద చెయ్యి పెట్టింది.

“ఎక్కడికిరా?”

బాబాయి ఇంజను ఆపి కిందికి దిగాడు. ఏ బీచ్, కారు ఎక్కడ పెడతాడు, ఎన్నింటికి తిరిగొస్తాడు, అన్నీ చెప్పాడు. నోరు తిరగని ఆ పేర్లని సరిగ్గా పలికేదాకా ఆవిడ ఆయన్ని కదలనివ్వలేదు. కారు వెళ్ళాక గోడ వైపు తిరిగింది. పెదవులు కదులుతున్నాయి. అడగకూడనిది అడిగినందుకు దేవుణ్ణి క్షమించమంటోంది.

అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆవిడ నమ్మకం పోయిందేమో అనుకున్నాను. పోలేదు. ఆ ప్రశ్న కొడుకు ప్రాణానికే కీడని గట్టిగా నమ్ముతూనే, వాడి కోసం అడిగింది. అంత కష్టమైన పని ఇంకెవరూ చెయ్యగా నేను చూడలేదు.

నాయనమ్మ ఇప్పుడు లేదు. మా ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా ఎక్కడికని అడుగుతాను. మా ఆయన నవ్వుతాడు, మా పాప ఇంగ్లీషులో విసుక్కుంటుంది. వాళ్ళు మలుపు తిరిగేదాకా పెదవులు కదుపుతూ గుమ్మంలోనే నిలబడతాను.