దీపస్తంభం వీరుడి నిలువుటంగీ

నేను చెప్పే సంగతుల్లో సగానికి సగం కోతలేనని మా ఇంటావిడ ఊరంతా చాటిపెట్టింది. ఇది ఆ రెండో సగంలోది. బిట్రగుంటలో రైలెక్కేటప్పుడు నా స్నేహితుడి చంకలో ఒక మూట ఉన్న మాట నిజం. ఆ మూట వాసనకు రైలుపెట్టెలో మా చుట్టూ ఉన్న బల్లలన్నీ ఖాళీ అయిన మాటా నిజం.

అరవైలు మొదలైన రోజులు. మద్రాసు నుంచి వచ్చే ఒక వారపత్రికలో బొమ్మల కథ నడిచేది. నడిసముద్రంలో దీపస్తంభం మీద కాపురముంటూ ఓడదొంగల భరతం పట్టే వీరుడి కథ. మా ఇద్దరికీ మీసాలొచ్చాయి, నాకు పెళ్లిచూపులు కూడా అయ్యాయి. అయినా పత్రిక వచ్చే రోజు పార్సిల్ కట్ట విప్పేదాకా స్టేషన్లో కదలకుండా నిలబడేవాళ్లం. నా స్నేహితుడు బోగోలు తీరంలో పడవలకు తెరచాపలు కుట్టే సాయిబుల ఇంటివాడు. వీరుడి నిలువుటంగీ గాలికి ఉబ్బిన తీరు చూసి, "ఈ బొమ్మలేసే ఆయనకు గాలంటే తెలుసురా" అని మురిసిపోయేవాడు.

చిక్కంతా అంగీ రంగు దగ్గరే. పత్రికలో ఉండేది నలుపూ తెలుపే. నీలమని నేను, కానే కాదని వాడు. వాదనతో ఆగితే బాగుండేది. పడవలు వేటకు పోలేని వానాకాలమంతా కూర్చుని, పాత తెరచాప గుడ్డతో అచ్చం అలాంటి అంగీ కుట్టేశాడు. వలలకు పట్టించినట్టే తుమ్మచెక్క ఉడికించిన నీళ్లలో ముంచి, ముదురు ఎరుపు రంగు వేశాడు.

అంతలో పత్రికలో ప్రకటన పడింది. నెల్లూరులో బొమ్మల కథల అభిమానుల సభ, బొమ్మలు వేసే ఆయనే స్వయంగా వస్తున్నారని.

"ఆయన నోటితోనే తేలాల," అన్నాడు నా స్నేహితుడు. "నీలమన్నాడంటే కుట్లన్నీ ఇప్పేసి తెరచాపకు మాసికలేస్తా. తప్పు అంగీ ఇంట్లో పెట్టుకోను."

కొడవలూరులో ఎక్కిన ఒక అవ్వ ముక్కు ఎగబీల్చి మూట వైపు చూసింది. "ఎండుచేపలు ఎట్టిస్తావు అబ్బయా?"

"చేపలు కాదవ్వా, అంగీ."

"అంగీనా! నువ్వు తొడుక్కున్నావా, చేపలకు తొడిగినావా?"

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. వాడు మూటను ఒళ్లోకి లాక్కుని కిటికీ వైపు తిరిగాడు.

సభ ఒక బడి హాల్లో. ఎంతమంది వచ్చారంటే... ఈ కథ చెప్పిన ప్రతిసారీ నా నోట జనం పెరుగుతూ వచ్చారు గనుక, హాలు నిండిందని మాత్రం చెప్తాను. మాలాంటి పిచ్చివాళ్లం మేమిద్దరమేనని అప్పటిదాకా అనుకున్నాం. అక్కడ ఒక పాస్టరుగారు వీరుడి కథంతా బైబిలంత మందాన కుట్టించి తెచ్చుకున్నారు. వాకాడు నుంచి వచ్చిన ఒక నర్సమ్మ ఓడదొంగ మాటలు ఒప్పజెప్తుంటే, పక్కనున్న బట్టతల గుమాస్తా వీరుడి జవాబులు అందుకున్నాడు. నా స్నేహితుడు నోరు తెరుచుకుని చూస్తూ, "రేయ్, వీళ్లంతా మనోళ్లేరా!" అన్నాడు.

బొమ్మలాయన సన్నగా, జలుబు చేసిన మనిషిలా ఉన్నాడు. ఈయనేనా అనుకున్నాం. సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద నాలుగు గీతలు గీశాడు. అంతే, వీరుడు దిగాడు. అంగీ ఉబ్బింది, గాలి కనిపించింది.

నా పక్కన మావాడు నా మోచెయ్యి ఊతగా పట్టుకుని లేచాడు. "సార్, ఆయన అంగీ ఏ రంగు?"

బొమ్మలాయన తెల్లబోయాడు. "నిజం చెప్పాలంటే నాకూ తెలీదు బాబూ. నా దగ్గరుండేది ఒక్క నల్ల సిరాబుడ్డే."

ఇంత దూరం వచ్చింది ఇందుకా అన్నట్టు వాడి ముఖం పాలిపోయింది. మళ్లీ కూర్చోబోతుంటే నేనే మూట లాగి విప్పాను. వాసనకు ముందు వరుస వెనక్కి జరిగింది. బొమ్మలాయన మాత్రం దిగి వచ్చి, గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఇదేం రంగు?"

"తుమ్మచెక్క రంగు సార్. ఉప్పునీళ్లకు చివకదు. సముద్రంలో ఉండేటోడికి నీలమెందుకు సార్? నీళ్లల్లో పడితే ఎట్ట కనపడతాడు?"

బొమ్మలాయన వేళ్లు అంగీ మీదున్న జేబు దగ్గర ఆగాయి. "మరి ఈ జేబు? నేను జేబు వెయ్యలేదే."

"దీపం ఎలిగించాల గదా సార్. అగ్గిపెట్టె ఏడ పెట్టుకుంటాడు?"

హాలంతా గొల్లున నవ్వింది. ఆయన నవ్వలేదు. నల్లబల్ల దగ్గరికి వెళ్లి, వీరుడి అంగీకి జేబు గీశాడు. తర్వాత మావాడి వైపు తిరిగి, "రంగు ఇదే. తొడుక్కో, చూద్దాం" అన్నాడు.

తొడుక్కున్నాడు. మళ్లీ విప్పితే ఒట్టు. రైల్లో కూడా అలాగే నిలబడి వచ్చాడు. నీలం ఊసు నేను మళ్లీ ఎత్తలేదు.

కొన్నాళ్లకు స్టేషన్లో కట్ట విప్పగానే చూశాం. అచ్చులో, దీపస్తంభం అంచున నిలబడ్డ వీరుడి అంగీకి జేబు. నేను ప్లాట్‌ఫారం మీద గంతులేశాను. వాడు మాత్రం బొమ్మను ముక్కుకు ఆనించుకుని చాలాసేపు చూసి నిట్టూర్చాడు.

"జేబుకు గుండీ మరిచిపోయినాడురా. దూకినాడంటే అగ్గిపెట్టె సముద్రంలో పడిపోద్ది."