పన్నెండు చీటీలు

మా సోషల్ టీచర్ చనిపోయిన కబురు మొన్న మంగళవారం పక్కింటివాళ్ల ఫోన్‌కు వచ్చింది. నేను ఆఫీసుకు డబ్బా కట్టుకుంటున్నాను. అమ్మ గుమ్మంలో నిలబడి, "మీ టీచరమ్మ లేదంట బిడ్డా. తెల్లారంగ గుండెనొప్పొచ్చిందంట" అంది. నేను డబ్బాకు మూత పెట్టాను. సరిగ్గా పడలేదని తీసి మళ్లీ పెట్టాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

ఆమె చిల్కానగర్ నుంచి నాచారం బడికి రోజూ నడిచే వచ్చేది. వేళ్లు పగులుతాయని సుద్దముక్కకు కాగితం చుట్టుకుని రాసేది. పాఠం మొదలుపెట్టే ముందు వెనక బెంచీల వైపు చూసి, "పొద్దుగాల ఏమన్న తిన్నరా?" అని అడిగేది. మీలో ఎవరైనా ఆమె దగ్గర చదివి ఉంటే ఈపాటికి ఆ గొంతు వినబడే ఉంటుంది.

నేను చెప్పాల్సింది మాత్రం మీకెవరికీ తెలియని సంగతి. పదో తరగతి నాటిది. పన్నెండేళ్లవుతోంది.

అంతకుముందు స్కూల్ లీడర్ ఎవరో హెడ్‌మాస్టరే చెప్పేవారు. ఆ ఏడు టీచర్ పట్టుబట్టి ఎన్నిక పెట్టించింది. నా గుర్తు పలక. నాతో పోటీకి నిలబడ్డ మా క్లాసు అబ్బాయిది బంతి. "ఓట్లు అడుగుండ్రి, ఒట్లు పెట్టకుండ్రి" అని ఇద్దరికీ చెప్పింది. ఇంట్లో ముగ్గురన్నల మధ్య నా మాట ఎవరికీ వినపడేది కాదు. ప్రేయర్‌లో నేను 'అటెన్షన్' అంటే బడంతా కదలకుండా నిలబడాలని నాకు మహా ఆశగా ఉండేది.

ఓటు చీటీలన్నిటి మీదా ఆమె పొట్టి సంతకం పెట్టి స్టాఫ్‌రూమ్ బల్ల మీద ఉంచింది. నోట్సులు పెట్టడానికి వెళ్లిన నేను పన్నెండు చీటీలు తీసి పుస్తకంలో దాచుకున్నాను. మర్నాడు వాటన్నిటి మీదా పలకకు టిక్కు పెట్టి, నా ఓటుతో పాటు ఓట్ల డబ్బాలో వేశాను. తొమ్మిది ఓట్లతో గెలిచాను. అందరూ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం బెల్లు కొట్టాక ఆమె నన్ను ఉండమంది.

"పిల్లల కంటె చీటీలు పన్నెండు ఎక్కువొచ్చినయ్. ఎట్లొచ్చినయో నీకు తెల్సా?"

నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. ఆమె కోప్పడలేదు.

"మల్ల పెడదాం ఎన్నిక" అంది.

"నేను పేరు తీసేసుకుంట టీచర్."

"వద్దు. నిలబడు. ఓడిపోతే ఓడిపో. ఓడిపోయి గూడ మంది ముంగట నిలబడుడు నేర్సుకో."

మర్నాడు ప్రేయర్‌లో ఆమె మైకు ముందుకొచ్చి, "సంతకం పెట్టిన చీటీలు లెక్కపెట్టకుండ బల్ల మీద ఇడిసిపెట్టిన. తప్పు నాది" అంది. నా పేరెత్తలేదు. హెడ్‌మాస్టర్ అందరి ముందే, "ఇన్నేండ్ల సర్వీసుంది, గింత నిర్లక్ష్యమా?" అన్నారు. ఆమె తల వంచుకుని విన్నది. నేను మూడో వరుసలో ఉన్నాను. నోరు విప్పలేదు.

రెండో ఎన్నికకు ముందురోజు నన్నే స్టాఫ్‌రూమ్‌కు పిలిచింది. బల్ల మీద కొత్త చీటీల కట్ట, సంతకాలతో. "జర కూసో బిడ్డా, ఇప్పుడే వస్త" అని బయటికి వెళ్లింది. గదిలో ఎవరూ లేరు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆమె తిరిగొచ్చి, ఆ కట్టను లెక్కపెట్టకుండానే బీరువాలో పెట్టి, "పోయి ఆడుకో" అంది.

ఓడిపోయాను. నలభై ఓట్లకు పైగానే. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

మంగళవారం ఆమె ఇంటి ముందు ఆ బంతి గుర్తు అబ్బాయి కనిపించాడు. ఇప్పుడు పారిశ్రామికవాడలో లేత్ మిషన్ నడుపుతున్నాడు.

"నన్ను లీడర్‌ను చేసింది టీచరే" అన్నాడు. "పాపం, చీటీలు లెక్కపెట్టుడు ఎట్లనో మర్సిపోయింది గానీ."

"ఆమె మరువలే. నేను దొంగిలించిన" అన్నాను.

అతను నా వైపు చూశాడు. "ఆమెకు తెల్సా?" అన్నాడు.

"తెల్సు."

"మరి ఆనాడు హెడ్‌మాస్టర్ గన్ని మాటలంటే..." అని ఆగిపోయాడు. కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లాడు. నాకు మాత్రం ఏడుపు రాలేదు.

ఆమెను తీసుకుపోయాక ఆడవాళ్లు ఇల్లు కడగడం మొదలుపెట్టారు. నేను పెరట్లోకి వెళ్లాను. దండెం మీద ఆమె ముందురోజు ఆరేసిన నీలం నేతచీర ఉంది. ఎండకు పెళపెళలాడుతోంది. తీసి, అంచుకు అంచు కలిపి మడతపెట్టాను. ఇంట్లో ఎవరికివ్వాలో తెలియలేదు. చేతుల్లో పట్టుకుని అలాగే ఎండలో నిలబడ్డాను.