రూత్ టీచర్ గారి డిస్పోజల్ జీపు

ఫిట్‌నెస్ తనిఖీ జరిగే ఆర్టీవో మైదానంలో పొద్దున్నే బండ్లు వరసకట్టగానే ముక్కుకు తగిలేది పెట్రోలు వాసన కాదు, నల్ల పెయింటు వాసన. తనిఖీకి ముందురోజు బండి అడుగున నల్ల రంగు కొట్టించడం మావాళ్ళకు పెళ్ళికి ముందు ఇంటికి సున్నం వేయించడం లాంటిది. గోడల్లో బీటలున్నా ఫోటోలో పడవు. ఆడవాళ్ళకు కారు నేర్పే చిన్న డ్రైవింగ్ స్కూలు నాది. మా బండ్లను తీసుకుని నేనూ ఆ వరసలో నిలబడుతుంటాను. ఆ వాసన తగిలిన ప్రతిసారీ నాకు రూత్ టీచర్ గారు గుర్తొస్తారు. ఆవిడ లేకపోతే నాకు ఈ స్కూలూ లేదు, ఈ బతుకుతెరువూ లేదు.

రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజులవి. బన్సీలాల్‌పేటలో మా ఎదురింట్లో ఆవిడ అద్దెకుండేవారు. గుంటూరు వైపు మనిషి, సికింద్రాబాదులో ఒక స్కూల్లో లెక్కల టీచరు. భర్త బతికున్నప్పుడు సైన్యం వాడి వదిలేసిన బండ్ల వేలంలో ఒక డిస్పోజల్ జీపు కొన్నారు. ఆయన పోయాక చుట్టాలంతా జీపు అమ్మెయ్యమంటే, ఆవిడ వెళ్ళి లైసెన్సు తెచ్చుకున్నారు. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, కాన్వాస్ బూట్లు వేసుకుని ఆవిడ జీపు ఎక్కుతుంటే మా గల్లీ అంతా అరుగుల మీదికి వచ్చేది. ఆవిడ ఎవరినీ పట్టించుకునేవారు కాదు. నవ్వు తక్కువ, మెచ్చుకోలు ఇంకా తక్కువ.

ప్రతి శనివారం ఆవిడ కీసర దాటి గుట్టల నడుమ ఉన్న ఒక తండాకు వెళ్ళేవారు, అక్కడి ఆడవాళ్ళకు చదువు చెప్పడానికి. బస్సు దిగే చోటి నుంచి తండా దాకా ఉన్నదాన్ని రోడ్డు అనడం మర్యాదకోసమే. వాగు, బండరాళ్ళు, మళ్ళీ వాగు. తిరిగి వచ్చేటప్పుడు జ్వరం పడ్డ పిల్లలు, నెలలు నిండిన ఆడవాళ్ళు, చూపు మందగించిన ముసలమ్మలు జీపు ఎక్కేవారు. వాళ్ళను ఆస్పత్రి గుమ్మంలో దించాకే ఆవిడ ఇంటికి వచ్చేవారు. నేను అప్పుడు బేగంపేటలో ఒక ఆఫీసులో టైపిస్టుని. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక తోడు రమ్మన్నారు. తోడు పోయినదాన్ని ఆ రాళ్ళలోనే స్టీరింగు పట్టుకోవడం నేర్చుకున్నాను.

"రాయిని చూడకు పద్మా, దారిని చూడు. ఎటు చూస్తే చెయ్యి అటే పోతుంది," అనేవారు. వాగులో ఇంజను ఆగిపోయి నేను ఏడుపు మొహం పెడితే, "ఏడిస్తే స్టార్టు అవుతుందా? అయితే ఇద్దరం కలిసి ఏడుద్దాం," అనేవారు. ఆ మాటకు ఒళ్ళు మండి నేను మళ్ళీ తాళం తిప్పేదాన్ని.

జీపు రిజిస్ట్రేషన్ గడువు తీరింది. బండిని మళ్ళీ చూపించి పాస్ చేయించుకుంటేనే రోడ్డెక్కాలి. బోయిగూడలో షెడ్డు ఉన్న మెకానిక్ యాదగిరి మాతో ఆర్టీవో మైదానానికి వచ్చాడు. ఇన్‌స్పెక్టరు జీపు చుట్టూ ఒక్కసారి తిరిగి పెదవి విరిచాడు.

"ఏంది మేడమ్ ఇది, టైర్లు మడ్గార్డులు దాటి బయటికొచ్చినయి. పక్కపొంటి సైకిల్ మీద పోయెటోనికి రాళ్ళు ఎగిరి తాకుతయి. పైన గీ దీపాలేంది? ఎదురుంగ వచ్చెటోని కండ్లు పోవాల్నా?"

స్టీరింగు జానెడు తిప్పితే గాని చక్రం కదల్లేదు. బ్రేకు కొడితే బండి ఎడమకు లాగింది. హ్యాండ్ బ్రేకు వేసి తోయమంటే యాదగిరి తన బలం చూపించే అవకాశం దొరికిందనుకుని ఒంటిచేత్తో తోసేశాడు, జీపు హాయిగా ముందుకు పోయింది. దాని కింద నేల మీద ఇంజనాయిలు మరక మిగిలింది. ఇన్నేళ్ళలో ఎన్ని జీపులు చూశానో, దాదాపు అన్నీ వీటి దగ్గరే తప్పుతాయి. గుట్ట మీద ముచ్చటగా ఉన్నదల్లా రోడ్డు మీద తప్పవుతుంది. ఆ పెద్ద టైర్లూ దీపాలూ టీచర్ గారి భర్త సరదాపడి తగిలించినవి. వాటిని తీసెయ్యమన్నప్పుడు ఆవిడ మొహం చిన్నబోయింది.

బోయిగూడ జీపులవాళ్ళకు ఒక ఉమ్మడి ఆస్తి ఉండేది. కంపెనీ సైజు టైర్లు ఒక సెట్టు, యాదగిరి షెడ్డులో మూలన పడి ఉండేవి. ఎవరి జీపుకు తనిఖీ ఉంటే వాళ్ళు ఆ రోజుకు వాటిని తగిలించుకుపోయి, సాయంత్రం తెచ్చి పడేసేవారు. "అందరు చేసేదే టీచరమ్మా, పరేషాన్ గాకుండ్రి," అన్నాడు యాదగిరి. టీచర్ గారు కాసేపు నసిగి, సరే అన్నారు. రెండోసారి వెళ్ళాం.

ఇన్‌స్పెక్టరు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. టైరు పక్కన ఎప్పుడో పడ్డ ఆకుపచ్చ రంగు మరకను వేలితో రుద్దాడు. తర్వాత ఆ టైరుతోనే మాట్లాడాడు. "బాగున్నవా బిడ్డా? పోయినసారి తెల్లజీపు కింద వచ్చినవ్. అంతకుముందు కాంట్రాక్టరు జీపు కింద కలిసినం. దినాం గిట్ల తిరిగితే అలసిపోవా?"

వరసలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. యాదగిరి ఆకాశం వంక చూడటం మొదలుపెట్టాడు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. టీచర్ గారి చెవులు ఎర్రబడ్డాయి గాని తల దించుకోలేదు. "నా క్లాసులో కాపీ కొట్టినవాణ్ణి నేను ఇంతకంటే గట్టిగా తిడతానండీ. మీరు మర్యాదస్తులు," అని జీపు వెనక్కి తిప్పారు.

ఆ తర్వాత పని నిజంగా జరిగింది. సొంతానికి సరైన సైజు టైర్లు వచ్చాయి. స్టీరింగు, బ్రేకులు, ఆయిలు కారే సీలు, అన్నీ బాగుపడ్డాయి. ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా షెడ్డుకు వచ్చి, గోనెపట్టా పరుచుకుని టీచర్ గారు కూడా జీపు కిందికి దూరారు. యాదగిరి స్పానరుతో, బండి బరువంతా మోసే చాసీ పొడుగునా కొడుతున్నాడు. ఖంగు ఖంగుమని మోగుతూ వచ్చిన ఇనుము, ముందు ఎడమ స్ప్రింగు పట్టా బిగించిన చోట డొల్లగా పలికింది. ఇంకోసారి కొడితే స్పానరు మొన లోపలికి దిగింది. వాగు నీళ్ళు, బురద, ఏళ్ళ తరబడి లోలోపలే తినేశాయి.

"వెల్డింగ్ పెడితే ఆగదా?" అన్నారు టీచర్ గారు.

"వెల్డింగ్ పట్టేటంత ఇనుము మిగల్లే టీచరమ్మా. చాసీ మారుస్తమంటే నంబరు మారుతది, కాయితాలు నడువయి. మైనం నింపి నల్లరంగు కొడ్త. జెర నిమ్మళంగ నడుపుకుంటే ఇంకో నాలుగేండ్లు యెళ్ళదీస్తది."

ఆవిడ అవుననలేదు, కాదనలేదు. యాదగిరి రంగు కొట్టేశాడు. నేను లోలోపల సంతోషించాను. తండా చదువు ఆగదు, జీపు ఉంటుంది, శనివారాలు ఉంటాయి. నాకు అంతకన్నా ఏం కావాలి?

మూడోసారి ఇన్‌స్పెక్టరు చాలాసేపు చూశాడు. నడిపి చూశాడు, బ్రేకు కొట్టాడు, వంగి అడుగున టార్చి వేశాడు. నల్లగా నిగనిగలాడుతోంది. లేచి దుమ్ము దులుపుకుని, కలం తీసి నవ్వాడు. "గిప్పుడు బండి అనిపిస్తున్నది. ఒక్కరే ఉంటరు కదా మేడమ్, గింత జీపెందుకు? ఇందులో ఎవరెక్కుతరు?"

మాటవరసకు అడిగిన ప్రశ్న. టీచర్ గారు మాత్రం క్లాసులో హాజరు పిలిచినట్టు చెప్పడం మొదలుపెట్టారు. "మంగ్లీ, మంగ్లీ కూతురు. శాంతి, దానికి ఇప్పుడు ఏడో నెల. సోనీబాయి, కళ్ళు కనపడవు. ఇదుగో ఈ పద్మ..." నా పేరు దగ్గర ఆగిపోయారు. నా వైపు చూశారు. ఆ చూపు చూడగానే నాకు అర్థమైపోయింది, "వద్దు టీచర్" అని గొణిగాను కూడా. ఆవిడ అటు తిరిగారు. "ఎడమ పక్క ముందు పట్టా దగ్గర ఒకసారి కొట్టి చూడండి," అన్నారు.

ఆయన కొట్టి చూశాడు. లేచి, కలం జేబులో పెట్టుకున్నాడు. "మీరు చెప్పకపోతే నేను పాస్ చేసెటోణ్ణి మేడమ్."

"తెలుసండీ," అన్నారావిడ.

దారిలో ఆవిడ మీద విరుచుకుపడ్డాను. అంత గట్టిగా పెద్దవాళ్ళతో అంతకుముందెన్నడూ మాట్లాడలేదు. "ఎవరడిగిండ్రు మిమ్మల్ని? ఆయనకు కనపడలే కదా!"

"ఆయనే అడిగాడుగా, ఎవరెక్కుతారని," అన్నారావిడ. అంతే. ఇంటి ముందు జీపు ఆపాక స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కాసేపు దిగలేదు. నేను చూడనట్టు మా ఇంట్లోకి వెళ్ళిపోయాను.

జీపు పాత ఇనుముకు పోయింది. మేం బస్సులో వెళ్ళి, మిగతా దారి నడిచాం. ఆవిడ మోకాళ్ళు సహకరించక, వానలు మొదలయ్యేసరికి నేనొక్కదాన్నే వెళ్ళసాగాను. శాంతికి నొప్పులు వచ్చిన రోజు ఆమెను మంచం మీద మోసుకుని, వాగు దాటించి రోడ్డు మీదికి తెచ్చారట. తల్లీ బిడ్డా బతికారు. ఆ సంగతి చెప్పి, "జీపుంటే ఇంత తక్లీఫ్ ఉండేది కాదు కదా," అన్నాను, కావాలనే పొడిచాను. టీచర్ గారు కోపగించుకోలేదు. "ఉంటే బాగుండేది," అన్నారు. "విరిగేది కాకుండా ఉంటే," అన్నారు మళ్ళీ. అప్పుడు ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు ఆవిడ చేసింది సరైనదా అంటే సరైనదే. ఆవిడ స్థానంలో నేనుంటే నోరు విప్పేదాన్నా అంటే, ఈ రోజుకీ ధైర్యంగా చెప్పలేను. అందుకే నా స్కూల్లో ఒక అలవాటు పెట్టుకున్నాను. కొత్తగా చేరిన అమ్మాయి తాళం తిప్పేముందు, రేపు నీ బండిలో ఎవరెక్కుతారో పేర్లు చెప్పమంటాను. అమ్మ అంటారు, తమ్ముడు అంటారు, ఒకరిద్దరు కాబోయే మొగుడి పేరు చెప్పి సిగ్గుపడతారు. పోయిన వారం ఒక పిల్ల విసుక్కుంది. "ఎవ్వరూ ఎక్కరు మేడమ్, నేనొక్కదాన్నే."

"అయితే నీ పేరే చెప్పు," అన్నాను.