ఆఖరి లైను కొట్టేసిన ఘనత

కువైట్‌లో నన్ను బేరంలో ఓడించినవాడు లేడు. అందుకే ఒక శుక్రవారం మా దుకాణాన్ని నేనే ఓడించుకోవలసి వచ్చింది. ఆ ఘనకార్యం వినండి.

మహబూలాలో మా బాబాయిది బకాలా, చిన్న కిరాణా కొట్టు. ఊరగాయలు, పప్పులు ఫోన్లో ఆర్డరిచ్చేలా యాప్ పెడదామన్నాను. "మొదటి శుక్రవారమే పరువు పోయిందంటే యాప్ ఖలాస్. మళ్ళా పొట్లాలు కట్టుకుంటా కూచో" అన్నాడు బాబాయి.

యాప్ చేసినవాడు జగిత్యాల మహేశ్. రేటు మార్చే బటన్ అందరికీ కనిపిస్తుంది. బయటివాళ్ళు నొక్కితే క్లౌడ్‌లోని రూల్స్ ఆపాలి. అతని కొటేషన్‌లో ఆఖరి లైను, రూల్స్ రిలీజ్.

"రాసినాక మళ్ళా రిలీజ్ ఏంది తమ్ముడూ?"

"రాసినయి అట్లనే పడుంటయక్కా. గిప్పటిసంది గీ రూల్సే నడవాలెనని క్లౌడ్‌కు చెప్పుడే రిలీజ్."

"తాళం కొన్నాక తగిలించేదానికి వేరే కూలీనా?"

"తాళం బల్ల మీద పెడితే తలుపు మూసుకుంటదా?"

దుకాణదారుల బిడ్డను. ఆఖరి లైను బేరంలో కొట్టేయడానికే రాస్తారని ఉగ్గుపాలతో నేర్చుకున్నాను. మా ఇంట్లో అలాగే రాసేవాళ్ళం మరి. కొట్టేశాను. "నీ ఇష్టమక్కా" అని మహేశ్ రూల్స్ మాత్రం క్లౌడ్‌లో పెట్టి వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఆర్డర్లు వరదలా వచ్చాయి. నా ప్రచారం ఫలించిందని మురిసిపోతుంటే ఎగైలా నుంచి మా పాత ఖాతాదారు కడప రఫీ ఫోన్.

"అక్కా, ఆవకాయ రేటు నేనే సగానికి దించినా. రెండు సీసాలు తీసుకుంటాండా, ఇంగ కొంచెం తగ్గించు."

చూస్తే ఇంకెవరో దించిన నెయ్యి నీళ్ళ సీసా కంటే చవగ్గా ఉంది. జాబ్రియాలో డ్యూటీలో ఉన్న మహేశ్‌కి ఫోన్ చేశాను. అతను చెబుతుంటే కొత్త రిలీజ్ సృష్టించమని క్లౌడ్‌కి నేనే ఆదేశం పంపాను. ఆ పేరుతో ఒకటి ఇప్పటికే ఉందని తిప్పికొట్టింది.

"టెస్టింగ్‌కని అందరికి తెరిచిపెట్టిన పాత రూల్స్ గవే నడుస్తున్నయక్కా. కొత్తది చేయకు. ఉన్న రిలీజ్‌నే అప్‌డేట్ జేసి కొత్త రూల్స్ దిక్కు తిప్పు."

తిప్పాను. ధరలు సరిచేసి, రఫీని మళ్ళీ నొక్కి చూడమన్నాను.

"అనుమతి లేదంటాంది అక్కా" అన్నాడు, పెళ్ళిలో విస్తరి లాగేసుకున్నట్టు.

కోట గెలిచినట్టు బల్ల గుద్దాను. ఖాళీ అయిన అరలు చూసి బాబాయి, "యాప్ ఉండనీ. కొటేషన్లు మాత్రం నీకు చూపీను" అన్నాడు.

ఇకపై ఏ కొటేషన్‌లోనూ ఆఖరి లైను ముట్టనని ఆ ఖాళీ జాడీల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. మధ్య లైన్ల సంగతి అందులో లేదు.

నిజాయితీగా లెక్క చెబుతాను. ఆ రోజు ఆర్డర్లన్నీ దిగిన ధరకే ఇచ్చాం, లాభం సున్నా. మిగిలింది, ఆవకాయ రుచి మరిగి ఇప్పటికీ ఆర్డరిచ్చే మహబూలా. ఇక రిలీజ్ కూలీ మహేశ్‌కి పూర్తిగా ఇచ్చాను, పని నేనే చేసి.