పెద్దత్త కుర్చీకి దారి

మా మావయ్యకి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటుంది గానీ దానితో ఆయన్ని ఎవరూ పిలవరు. వీధి మొత్తానికీ ఆయన 'పనికొస్తుంది'. ఫ్యాన్లూ మిక్సీలూ ఇస్త్రీపెట్టెలూ బాగుచేసే మెకానిక్కు. ఎలాంటి డొక్కు వస్తువునైనా అటూ ఇటూ తిప్పి చూసి, "పారెయ్యకండి, పనికొస్తుంది" అంటాడు. జనం వదిలేసి పోయినవన్నీ కొట్లోంచి ఇంట్లోకి చేరాయి. ముందు మంచం కిందికి, తర్వాత మంచం మీదికి. చివరికి ఆయనా మా అత్తా హాల్లో ఓ మూల, రెక్కల్లేని ఫ్యాన్ల మధ్య చాప వేసుకుని పడుకునేవాళ్ళు.

నేను అదే వీధిలో రెండిళ్ళ అవతల ఉంటాను. నాకు ఓపిక తక్కువ. ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా కాలికి ఏదో ఒకటి తగిలేది, నా నోట ఏదో ఒకటి వచ్చేది. మావయ్య నొచ్చుకునేవాడు కాదు. "అది మంచి మోటారమ్మా, జాగ్రత్త" అనేవాడు. ఆ జాగ్రత్త మోటారు గురించే, నా కాలి గురించి కాదు. అత్త చెప్పీ చెప్పీ విసిగిపోయింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో ఎంతకని వాదిస్తుంది?

అలాంటి ఇంటికి పెద్దత్తని తీసుకురావలసి వచ్చింది. పెద్దత్త అంటే మా అత్తకి అక్క. కుట్టుపని నేర్పుతూ తన బతుకు తను బతికిన మనిషి. మెట్ల మీంచి జారిపడ్డాక కాళ్ళలో పట్టు పోయింది, చక్రాల కుర్చీ వచ్చింది. ఇక ఇంటికి తీసుకువెళ్ళొచ్చని ఆస్పత్రివాళ్ళు చెప్పగానే అత్త పరుగున వెళ్ళి, తన ఇంటికి వచ్చెయ్యమంది.

పెద్దత్త నవ్వుతూనే చెప్పింది. "వస్తానే చెల్లీ, నాకు మాత్రం ఎవరున్నారు? కానీ మీ ఇంట్లో ఈ కుర్చీ కదలదు. మంచినీళ్ళు కావాలన్నా ఒకరు ఎత్తాలి, స్నానానికి ఒకరు మొయ్యాలి. నా అంతట నేను తిరగలేని ఇంటికి నేను రాను. ఏదో ఒక హోమ్‌లో చేరతాను."

ఆ మాట మావయ్యకి చేరవేసి అత్త వంటింటి గుమ్మంలో కూలబడింది. ఈసారి తిట్టలేదు. మావయ్యకి వదినగారంటే ప్రాణం. ఆవిడ పట్టుబట్టి ఇంట్లోవాళ్ళని ఒప్పించకపోతే అత్తతో ఆయన పెళ్ళే జరిగేది కాదు. ఆయన హాలంతా ఓసారి కలయజూసి, "తీసేద్దాం" అన్నాడు. నేను నా చెవుల్ని నమ్మలేదు.

నమ్మకపోవడమే మంచిదైంది. ఎందుకంటే ఆయన పాడైన వస్తువుని ఎవరికీ ఇవ్వడు. బాగుచేసి, తుడిచి, తిప్పి చూపించి మరీ ఇస్తాడు. వీధిలో ఒకరికి ఫ్యాను, ఒకరికి మిక్సీ, నాకు రెండు ఇస్త్రీపెట్టెలు వచ్చాయి. జనం సంతోషించి ఊరుకోవచ్చు కదా! ఊరికే తీసుకుంటే ఏం బాగుంటుందని, తమ అటకల మీది పాతసామాను దింపి, "మీకు ఇష్టమని తెచ్చాం" అంటూ ఆయన చేతిలో పెట్టారు. ఒక చేత్తో ఇచ్చి రెండు చేతులా పుచ్చుకోవడం ఆ ఇంట్లోనే చూశాను. ఇరుకు తగ్గకపోగా ఇంకా పెరిగింది.

అప్పుడు నేను రంగంలోకి దిగాను. గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చున్నాను. బయటికి వెళ్ళే సామానుకి దారి, లోపలికి వచ్చేదానికి నా నోరు. కుక్కర్ పట్టుకొచ్చిన ఎదురింటావిడ ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటుంది. ఉండనీ.

గదులు ఒక్కొక్కటే తేలుతుంటే భలే సరదాగా ఉండేది. హాల్లో గచ్చు ఎర్రదని తేలింది. బూడిదరంగని అత్త ఇన్నాళ్ళూ వాదించేది. ఊడ్చడం ఇట్టే అయిపోతుంటే తోచక ఆవిడ రెండోసారి ఊడ్చేది. మావయ్య ఖాళీ నేల మీద చేతులు బార్లా చాపుకుని పడుకుని, "ఏమేవ్, చెయ్యి దేనికీ తగల్లేదు చూశావా" అన్నాడు. కొత్తింట్లో అడుగుపెట్టిన పెళ్ళికొడుకులా ఉన్నాడు.

పెద్దత్త కుర్చీ వెడల్పు కొలిచి ఆయన ఒక కర్ర కోసుకున్నాడు. దాన్ని అడ్డంగా పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. వరండా, హాలు, నడవా, వంటిల్లు, స్నానాలగది, ఎక్కడా తగల్లేదు. గెలిచిన మొహంతో వెళ్ళి వదినగారిని తీసుకొచ్చాడు. నచ్చితే ఉంటానని, లేకపోతే సాయంత్రానికే హోమ్‌కి పోతానని ఆవిడ ముందే చెప్పింది.

హాలు దాటి నడవాలోకి వచ్చేసరికి పెద్దత్త ఆగిపోయింది. చక్రం తిప్పే చేతివేళ్ళు గీసుకుపోతున్నాయి. మావయ్య కొలిచింది ఖాళీ కుర్చీని, దాన్ని తిప్పే చేతుల్ని కాదు.

"కుర్చీ పడుతోంది మరిదిగారూ. నేనే పట్టడం లేదు" అంది ఆవిడ, వేళ్ళు దులుపుకుంటూ.

గోడని జరపలేం. గోడకి ఎదురుగా నిలబడ్డది మా అత్త బీరువా. అందులో మావయ్య స్క్రూ ఒక్కటి లేదు. అన్నీ అత్తవే. వచ్చేవాళ్ళ కోసం దాచిన దుప్పట్లు, మడతల దగ్గర పసుపు పట్టిన తువ్వాళ్ళు, చీటీలు కూడా తీయని గాజుగ్లాసులు, చుట్టాలకని ఎత్తిపెట్టిన పళ్ళాలు. ఎవరు వచ్చినా వాటిని తీసింది లేదు. గురివింద గింజ తన నలుపెరగదంటారు, అది మా అత్తేనని ఆ క్షణాన తెలిసింది.

"అది మంచి బీరువా అండీ" అంది అత్త, మెల్లిగా.

మావయ్య పగ తీర్చుకోవచ్చు. ఆయన స్థానంలో నేనుంటే తీర్చుకునేదాన్ని. ఆయన మాత్రం, "నీ ఇష్టం" అన్నాడు.

అత్త బీరువాని చూసింది, అక్క వేళ్ళ మీది గీతల్ని చూసింది. "వచ్చేవాళ్ళ కోసమే కదా దాచాను. ఇంకెవరొస్తారు?" అంటూ తలుపులు బార్లా తెరిచి దుప్పట్లు బయటికి విసరడం మొదలుపెట్టింది. మధ్యలో ఏడిచింది, మధ్యలో నవ్వింది. నాకూ ఏడుపొచ్చింది, కానీ బీరువా ఒక కొస నా చేతిలో ఉంది. దాన్ని వీధిలోకి దింపాక, దుప్పట్లతో సహా ఎదురింటావిడకే ఇచ్చేశాం. గ్లాసులూ పళ్ళాలూ వీధివాళ్ళు తలా కొన్ని పట్టుకుపోయారు.

తిరిగొచ్చేసరికి హాల్లో పెద్దత్త లేదు. వంటింట్లో గిన్నె చప్పుడైంది. ఎవరి సాయం లేకుండా వెళ్ళి, స్టవ్ వెలిగించి, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని టీ పట్టుకొచ్చింది. నడవాలో రెండు చేతులూ హాయిగా ఆడుతున్నాయి. అత్తకీ నాకూ ఇచ్చి, తానొకటి తీసుకుంది. మావయ్యకి లేదు. అన్నీ ఇచ్చేశాక ఇంట్లో మిగిలినవి మూడే కప్పులు.

ఆయన ఖాళీ చేతులు చూసుకుంటుంటే పెద్దత్త అంది, "నేను తాగేదాకా ఆగండి మరిదిగారూ. కడిగి, మీకూ తెచ్చిపెడతాను."

తాగి, కప్పు ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ తనే తిప్పుకుని వంటింటి వైపు వెళ్ళింది. సాయం చెయ్యడానికి లేవబోయిన అత్త, మళ్ళీ కూర్చుంది.